బుట్టెక్కిన పాస్‌పోర్టులు

ఇప్పుడంటే మా గద్వాల పిల్లలు బ్యాంకాక్ పోయొచ్చి కూడా వనపర్తి సంతకు పోయొచ్చినంత తేలిగ్గా చెబుతున్నారు గానీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆడపిల్ల ఒంటరిగా ఒక పూట బయట తిరిగిందంటే అది వార్తే. ధరూరు దగ్గరి మా ఊరి నుంచి గద్వాలకు షేర్ ఆటోలో పోయి వచ్చే దారిలో నాకు తెలియని మనిషంటూ ఉండేవాడు కాదు. ఆటో నడిపేది మేనమామ వరుస. పక్కన ఇరుక్కుని కూర్చునేది ఎప్పుడూ ఎవరో ఒక అత్తమ్మ. గద్వాల బస్టాండులో ఐదు నిమిషాలు ఎక్కువ నిలబడితే చాలు, "మీ పిల్ల బస్టాండుకాడ ఎవరి కోసమో చూస్తుండె" అన్న కబురు నాకంటే ముందే మా ఇల్లు చేరి, అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతుండేది. అట్లా పాతికేళ్లు వచ్చేదాకా నేను ఏ ఊళ్లోనూ నా ఇష్టమొచ్చిన వీధిలోకి నా ఇష్టమొచ్చినప్పుడు తిరిగిన పాపాన పోలేదు. అలాంటిదాన్ని జీవితంలో మొట్టమొదటిసారి ఒక పగలంతా ఒంటరిగా తిరిగింది కర్నూలులోనో హైదరాబాదులోనో అయితే కొంత మర్యాదగా ఉండేది. నేను తిరిగింది ఇస్తాంబుల్‌లో. (మధ్యలో మెట్లన్నీ వదిలేసి నేరుగా మిద్దె మీదికి దూకినట్టు.)

అప్పట్లో నేను గద్వాలలో ఒక పత్తి విత్తనాల కంపెనీ ల్యాబులో పనిచేసేదాన్ని. గింజలను తడి కాగితాల్లో చుట్టిపెట్టి, ఎన్ని మొలిచాయో చూసి చెప్పడం నా పని. నా పైన ఒక మేడమ్ ఉండేవారు. నాగర్‌కర్నూలు ఆమె, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఆమెకు లోకంలో మొలక తప్ప ఇంకో సంగతి పట్టేది కాదు. ఎవరింట్లోనైనా పెళ్లి కుదిరిందన్నా, ఎవరి కొడుకైనా ఇంజనీరింగులో చేరాడన్నా "చూద్దాం, ఎంత శాతం మొలుస్తదో" అనేవారు. అందుకని మేమంతా చాటుగా 'మొలక మేడమ్' అని పిలుచుకునేవాళ్లం. కంపెనీవాళ్లు మా ఇద్దరినీ శిక్షణ కోసం టర్కీలో పత్తి పండే ఒక ఊరికి పంపారు. ఆ కబురు చెప్పగానే మా అమ్మ మొదట ఏడ్చి, తర్వాత చుట్టాలందరికీ ఫోన్లు చేసి, చివరికి మేడమ్‌కు ఫోన్ చేసింది. అమ్మ ఆమెను ఎన్నడూ చూడలేదు. "మేడమ్, మా పిల్లకు దునియా తెల్వదు. మీ కొంగు ఇడ్వకుండ చూసుకోండ్రి" అంది. మేడమ్ "నా కొంగు పట్టుకుంటే నాతోపాటు ఆమె కూడ పడుతదమ్మా, నాకు మోకాళ్ల నొప్పులు" అన్నారు. అమ్మకు ఆ జవాబు ఎందుకో చాలా నచ్చింది. ఇంత నిజం చెప్పే మనిషి వెంట పంపొచ్చు అనుకుంది.

శిక్షణ బాగానే జరిగింది. తిరుగు ప్రయాణంలో ఇస్తాంబుల్‌లో ఒక పగలంతా మాకు ఖాళీ దొరికింది. సాయంత్రం దాటాక విమానం. మేడమ్ ఆ పగలుకు రాజభవనాలు, పెద్ద మసీదు, పాత బజారు అన్నీ వరుసగా అనుకుని పెట్టుకున్నారు. కానీ ముందురోజు హోటల్లో ఆలివ్ కాయల ఊరగాయను మన చింతకాయ తొక్కు లాంటిదేననుకుని గిన్నె ఖాళీ చేశారు. తెల్లారేసరికి ఆమె పొట్ట పట్టుకుని మంచం మీద, నేను ఆ మంచం పక్కన కుర్చీలో. మందు వేసుకుని కొంచెం కుదుటపడ్డాక ఆమె నావైపు ఒక కన్ను తెరిచి చూశారు.

"నువ్వెందుకు కూసున్నవ్?"

"మీకు తోడు, మేడమ్."

"నాకు తోడు బాత్రూం ఉంది. ఇద్దరం కూసోని ఈ గోడను చూస్తే గోడకు సిగ్గయితది. పో, తిరిగి రా. పొద్దుగూకక ముందే రా, అంతే."

"ఒక్కదాన్నే పోవాల్నా?"

"ఇంకెవర్ని తోలుకపోతవ్? పో."

అలవాటు ప్రకారం నా భుజం బ్యాగు తగిలించుకుని బయటపడ్డాను. అందులో నా పాస్‌పోర్టుతోపాటు మేడమ్ పాస్‌పోర్టు కూడా ఉంది. ఆమె కళ్లద్దాలను తలమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే రకం కాబట్టి, హైదరాబాదులో బయల్దేరినప్పటి నుంచి రెండూ నా దగ్గరే ఉండాలని తీర్మానమైంది.

హోటల్ మెట్లు దిగి రోడ్డు మీద నిలబడగానే నాకొక విచిత్రమైన ఇబ్బంది వచ్చిపడింది. ఇప్పుడు ఎవరిని అడగాలి? ఎడమకు పోతే ఎందుకు పోతున్నావనీ, కుడికి పోతే ఎప్పుడొస్తావనీ అడగడానికి అక్కడ మనిషి లేడు. కాసేపు ఎడమకు నడిచాను. బాగుంది. ఏ కారణమూ లేకుండా వెనక్కి తిరిగి కుడికి నడిచాను. అదీ బాగుంది. గాజుల దుకాణంలో వేలాడదీసినట్టు కర్రకు గుచ్చి అమ్ముతున్న గుండ్రటి నువ్వుల రొట్టె ఒకటి కొని, ఎవరూ చూడటం లేదు కదా అని ముంజేతికి తొడుక్కుని, అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఆ తర్వాత దాన్ని చేతి మీది నుంచే కొరుక్కుతిన్నాను. పెద్ద మసీదు ముందు బారెడు పొడవు వరుస ఉంటే అందులో నిలబడ్డాను. కొంతసేపయ్యాక కాళ్లు లాగాయి. పక్కకు తప్పుకున్నాను. ఎవరూ "అయ్యో, ఇంతదూరం వచ్చి చూడకపోతే ఎట్ల?" అనలేదు. మసీదు కూడా ఏమీ అనుకున్నట్టు లేదు. ఆ వరుసలోంచి తప్పుకున్న క్షణాన నాకు కలిగిన ఆనందం, లోపలికి పోయి చూసినవాళ్లకు కూడా కలిగి ఉండదని నా నమ్మకం. ఒక మెట్టు మీద కూర్చున్నాను. ఒక పిల్లి వచ్చి నా ఒళ్లో కూర్చుంది. లేవమని ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు కాబట్టి చాలాసేపు కూర్చున్నాం.

ఆ తర్వాత పడవ. ఇస్తాంబుల్ సగం ఒక ఖండంలో, సగం ఇంకో ఖండంలో ఉంటుంది. మధ్యలో సముద్రం. మన సిటీ బస్సులాగా జనం పెద్ద పడవలెక్కి అటూ ఇటూ పోతుంటారు. చిన్నప్పుడు కృష్ణా నది దాటడానికి పుట్టి, అదే బుట్టలాంటి గుండ్రటి పడవ, ఎక్కితే మా అవ్వ దిగేదాకా గంగమ్మ పేరు జపించేది. (అవ్వ అంటే మా నాయినమ్మ. ఆమె జపించింది మా క్షేమం కోసమో, పుట్టి నడిపేవాణ్ని బెదరగొట్టడానికో ఇప్పటికీ నాకు అనుమానమే.) ఇక్కడేమో ఒకాయన పళ్లెంలో గాజు గ్లాసులు పెట్టుకుని, పడవ ఊగుతున్నా చుక్క ఒలకకుండా నా ముందుకొచ్చి "చాయ్?" అన్నాడు. నేను "చాయ్" అన్నాను. చాయ్ వచ్చింది. మా ఇద్దరికీ మధ్య అంతకంటే భాష అవసరం పడలేదు. ఆ చాయ్ అయిపోయేసరికి ఖండం మారింది. దిగి, అటువైపు గట్టు తొక్కి, ఆసియాకు ఒక నమస్కారం పెట్టి, అదే పడవలో మళ్లీ యూరపుకు వచ్చేశాను. మళ్లీ ఆసియాకు పోయాను. టికెట్ ఇచ్చే చోట ఉన్నాయన నన్ను చూసి నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకున్నాడు.

రెండోసారి ఆసియాలో దిగాక నాకు పిచ్చి ముదిరింది. అక్కడి బజారులో ఒక పండ్లవాడు "తాజే, తాజే" అని అరుస్తున్నాడు. నేను ఆగిపోయాను. తాజా. మన తాజానే. పక్క కొట్టు బోర్డు మీది మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కూడబలుక్కుంటే సాబున్. మన సబ్బు. దుకాణాన్ని దుక్కాన్ అంటున్నారు. జేబును చూపించి అడిగితే జెప్ అన్నారు. ఎండను చూపిస్తూ ఒకాయన హవా బాగుందన్నట్టు ఏదో అన్నాడు. ఈ ఊరివాళ్లంతా గద్వాల నుంచే వచ్చి, ఆ సంగతి నా దగ్గర దాచిపెడుతున్నారని నాకు అనుమానం కలిగింది. ఇక చూడండి నా వీరంగం. ప్రతి దుకాణం ముందూ ఆగి, ఏదో ఒక వస్తువును వేలితో చూపించి, మా ఊళ్లో దాన్నేమంటారో చెప్పి, వాళ్లు తలూపితే చప్పట్లు కొట్టాను. తలూపకపోతే ఇంకో వస్తువు చూపించాను. ఒక చేపల కొట్టతను నన్ను చూసి భయపడ్డాడనుకుంటాను, ఏమీ అడగకముందే తలూపాడు.

అట్లా నడుస్తూ నడుస్తూ ఎత్తుగా పోయే ఒక సన్నని సందులోకి తిరిగాను. రెండు పక్కలా పాత మేడలు, కిటికీల నిండా ఆరేసిన బట్టలు, ఎండలో పడుకున్న పిల్లులు. సందు మధ్యలో నిలబడి పైకి చూస్తున్నాను. అప్పుడు ఆకాశం నుంచి ఒక బుట్ట దిగింది. నేను కథ అల్లడం లేదు. తాడు కట్టిన ఒక వెదురు బుట్ట సరిగ్గా నా ముక్కు ముందుకు దిగి ఆగింది. తల ఎత్తి చూస్తే పై అంతస్తు కిటికీలోంచి పూల రుమాలు కట్టుకున్న ఒక ముసలమ్మ నన్ను చూసి కేకలేస్తోంది. ఆమె మాటల్లో 'ఎక్మెక్' అన్న ఒక్క ముక్క నాకు తెలిసింది. వారం రోజులుగా హోటల్లో పొద్దున్నే వింటున్న మాట, అంటే రొట్టె. బుట్టలో చూస్తే డబ్బులున్నాయి. ఆమె వేలు సందు చివర ఉన్న రొట్టెల కొట్టు వైపు చూపిస్తోంది. ముసలి చూపు కదా, నన్ను రోజూ వచ్చే ఎవరో పిల్ల అనుకుంది. నాకేమో పరాయి దేశంలో ఒకరు నన్ను నమ్మి పని చెప్పారన్న గర్వంతో కాళ్లు నేల మీద నిలవలేదు. డబ్బులు తీసుకుని పరుగెత్తాను.

కొట్టులో పొట్ట మీద పిండి మరకలున్న ఒక లావుపాటి ఆయన ఉన్నాడు. నేను పైకి చూపించి, తాడు లాగుతున్నట్టు నటించి, రుమాలు కట్టుకున్నట్టు నటించేసరికి ఆయనకు అంతా అర్థమై, పొగలు కక్కుతున్న రెండు పొడుగాటి రొట్టెలూ కొంత చిల్లరా చేతిలో పెట్టాడు. చిల్లర నా బ్యాగులో వేసుకుని, చంకలు కాలిపోతుండగా రొట్టెలతో బుట్ట దగ్గరికి వచ్చాను. రొట్టెలు బుట్టలో పెట్టాను. చిల్లర ఇవ్వాలి కదా. బ్యాగు భుజం మీంచి తీసి, బుట్ట అంచుకు ఆనించి, జిప్పు తీయబోయాను. రొట్టెలు కనపడగానే పైనున్న ఆమె ఇంకేం చూస్తుంది? సర్రున తాడు లాగింది. బుట్ట లేచింది. నా బ్యాగు బుట్టలో ఒరిగింది. నేను ఎగిరాను, అందలేదు. మళ్లీ ఎగిరాను, నా చెప్పు ఒకటి ఊడి దూరంగా పడింది. రెండు రొట్టెలు, రెండు పాస్‌పోర్టులు, మొలక మేడమ్ ఇంటికి చేరే దారి, నా ఉద్యోగం, మా అమ్మ పరువు, అన్నీ కలిసి ఒక వెదురు బుట్టలో ఊగుతూ ఊగుతూ పై అంతస్తుకు చేరుకున్నాయి. కిటికీ మూసుకుంది.

సందులో నేను, ఒంటి చెప్పు, పిల్లులు మిగిలాం. మొదట "అవ్వా, ఓ అవ్వా" అని గొంతు చిట్లేలా అరిచాను. ఒక పిల్లి లేచి వెళ్లిపోయింది. ఫోన్ జేబులోనే ఉంది కాబట్టి మేడమ్‌కు ఫోన్ చేయొచ్చు. కానీ ఏమని చెప్పాలి? "మేడమ్, మన పాస్‌పోర్టులు రొట్టెలతోపాటు పైకి పోయినయి" అంటే ఆమె పొట్టనొప్పి తల నొప్పిగా మారడం తప్ప ఒరిగేదేముంది? ఆ మేడ తలుపు దగ్గర ఉన్న బెల్లు బటన్లన్నీ హార్మోనియం వాయించినట్టు ఒకేసారి నొక్కేశాను. తలుపు తెరుచుకుంది. కింది ఇంట్లోంచి సగం గడ్డానికి సబ్బు నురగతో ఒకాయన, ఆ పై ఇంట్లోంచి గరిటె పట్టుకుని ఒకామె మెట్ల మీదికి వచ్చారు. ఇద్దరూ ఏమిటన్నట్టు చూశారు. పొద్దుటి నుంచి కూడబెట్టిన నా టర్కీ భాషా సంపదంతా ఆ క్షణాన నాకు తోడు వస్తుందనుకున్నాను. "తాజే" అన్నాను. వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. "సాబున్" అన్నాను. నురగాయన తన గడ్డం తడుముకున్నాడు. "జెప్, దుక్కాన్, చాయ్" అన్నాను. గరిటె ఆమె పాపం నన్ను చూసి, చాయ్ కావాలేమోనని లోపలికి పోబోయింది.

అప్పుడిక నాకు ఏడుపొచ్చేసింది. భాష సంగతి మర్చిపోయి, మెట్ల మీద కూలబడి, మా ఊరి అత్తమ్మలతో చెప్పుకున్నట్టే చెప్పేశాను. "మస్తు పరేషాన్ అయిపోయిన, జర చూడుర్రి. నా సంచి పైకి పోయింది. పరేషాన్ ఉన్న."

గరిటె ఆమె ఆగిపోయింది. "పెరిషాన్?" అంది.

"పరేషాన్" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"పెరిషాన్" అని ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుని నురగాయనకు చెప్పింది. నురగాయన "వా, వా, పెరిషాన్" అని తల ఆడించాడు. ఆ మాట మెట్ల మీదుగా పైకి పోయింది, కిందికి దిగి సందులోకి పోయింది. రొట్టెలాయన పిండి చేతులతో పరుగెత్తుకొచ్చాడు. ఎవరో నా చెప్పు తెచ్చిచ్చారు. ఒకామె నా నెత్తి నిమిరింది. గంట ముందు వరకు ఆ ఊళ్లో నన్నెవరూ ఏమీ అడగడం లేదని ఎగిరి గంతులేశానా, ఇప్పుడు ఆ సందంతా నా చుట్టూ చేరి ఒకేసారి అడుగుతుంటే అంతకంటే హాయిగా ఉంది. నేను బుట్టను, తాడును, బ్యాగును, అది పైకి పోవడాన్ని నటించి చూపించాను. రొట్టెలాయనకు అందరికంటే ముందు అర్థమైంది. పొట్ట పట్టుకుని నవ్వి, మిగతావాళ్లకు చెప్పాడు. సందంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, ఏడుపు ఇంకా ఆగకముందే.

ముసలమ్మ తలుపు కొట్టాం, దరువేశాం. లోపల ఉలుకూ పలుకూ లేదు. గరిటె ఆమె తన చెవిలోంచి ఏదో తీసి బల్ల మీద పెట్టినట్టు చేసి చూపించింది. తినేటప్పుడు ఆమె చెవి మిషన్ తీసి పక్కన పెడుతుందట. ఇక లాభం లేదని మేమంతా సందులోకి దిగాం, గరిటె ఆమె తన ఇంట్లోకి పోయి, కిటికీలోంచి సగం బయటికి వంగి, పొడుగాటి చీపురు కర్రతో పై కిటికీ అద్దం మీద తట్టింది. (ఆ తట్టిన తీరు చూస్తే అది రోజూ జరిగే పనేనని తెలిసిపోయింది.) కిటికీ తెరుచుకుంది. ముసలమ్మ నోట్లో రొట్టె ముక్కతో బయటికి చూసి, కింద చేరిన జనాన్ని చూసి, ఏదో నిప్పంటుకుందనుకుని గాభరాపడింది. కింద నుంచి అందరూ కలిసి అరిచారు. ఆమె లోపలికి పోయి నా బ్యాగు తెచ్చి ఎత్తి చూపించింది. సందంతా ఒక్క గొంతుతో అవునంది. నేనైతే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. బుట్ట మళ్లీ దిగింది. ఆత్రంగా అందులో చేయి పెడితే బ్యాగు లేదు. తాళంచెవి ఉంది. రొట్టెలాయన నన్ను మెట్ల వైపు నెట్టి, గ్లాసు ఎత్తి తాగినట్టు చూపించి "చాయ్, చాయ్" అన్నాడు. బ్యాగు కావాలంటే ఎక్కిరమ్మని ఆమె షరతు.

నేను తాళం తీసి లోపలికి పోయేసరికి నా బ్యాగు ఒక కుర్చీలో, దాని కింద అల్లిక గుడ్డ పరిచి, ఇంటికొచ్చిన చుట్టంలా కూర్చుని ఉంది. తెరిచి చూశాను. రెండు పాస్‌పోర్టులూ ఉన్నాయి. చిల్లర తీసి ఆమె చేతిలో పెడితే ఆమె దాన్ని బల్ల మీదికి తోసేసి, నా బుగ్గలు పట్టుకుని చూసి, తాను రొట్టె తెమ్మన్నది ఎవరినో అప్పుడు అర్థమై, మంచం మీద కూలబడి నవ్వింది. ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆమె చెవి మిషన్ పెట్టుకుంది. చాయ్, తేనె, మళ్లీ ఆలివ్ కాయలు. (వాటిని భక్తితో చూసి పక్కన పెట్టాను.) "హిందిస్తాన్" అని నన్ను చూపించుకున్నాను. ఆమె తలూపింది. నేనేం చేస్తానని సైగతో అడిగింది. శిక్షణలో రోజూ విన్న మాట ఒకటుంది నా దగ్గర. "పముక్" అన్నాను. అంటే పత్తి.

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. "పముక్?" అని తన గుండె మీద వేలు పెట్టుకుని, లేచి నిలబడి, నడుం వంచి, నడుముకు కట్టిన ఒడిలోకి రెండు చేతులతో పత్తి ఏరుతూ గదంతా తిరిగింది. నేను చూస్తూ ఉండిపోయాను. ఆ వేళ్లు కదిలే తీరు నాకు తెలుసు. మా చేలో పత్తి ఏరేటప్పుడు మా అమ్మ వేళ్లు అట్లాగే కదులుతాయి, రెండు చేతులకూ రెండు బుద్ధులున్నట్టు. నేనూ లేచి, మా దిక్కు సీడ్ పత్తిలో పువ్వుకు పువ్వు కలిపే క్రాసింగ్ ఎట్లా చేస్తామో చూపించాను. మొగ్గను గోటితో విప్పి, మగపువ్వు తెచ్చి, మెల్లగా అద్ది. ఆమె దగ్గరికి వచ్చి, లేని మొగ్గను నా చేతిలోంచి తీసుకుని, అట్లాగే అద్ది చూసింది. లేని పత్తి చేను ఆ చిన్న గదిలో ఒక చివర నుంచి ఇంకో చివర దాకా పండింది.

సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. అమ్మ, వీడియో కాల్.

"యాడున్నవే? మేడమ్ ఏది?" అంది అమ్మ.

నేను నోరు తెరిచేలోపే ముసలమ్మ నా భుజం మీంచి ముఖం పెట్టి ఫోన్లోకి చూసింది. అమ్మ టక్కున కొంగు సవరించుకుని చేతులు జోడించింది. "నమస్తే మేడమ్. మా పిల్లను మంచిగ చూసుకుంటున్నరు గద."

"తమామ్, తమామ్" అంది ముసలమ్మ. ఆ భాషలో అంటే సరే సరే అని, మా దిక్కునేమో తమాం అంటే అంతా అని.

"తమాం చూసుకుంటుందట" అని అమ్మ పక్కనున్న ఎవరికో చెప్పింది. ఆ పక్కనున్నది మా అవ్వ. ఫోన్ అవ్వ చేతిలోకి పోయింది. తెర నిండా అవ్వ ముక్కు, ఆ తర్వాత కళ్లద్దాలు కనిపించాయి.

"ఏ, ఈమె మేడమ్ ఏంది? నా లెక్కనే ఉంది" అంది అవ్వ.

"మేడమ్ కాదవ్వా. మేడమ్‌కు పానం బాగలేక పడుకుంది. ఈమె వేరే అవ్వ. పత్తి ఏరిన మనిషి."

"గట్లనా? నాకు ఎరుకైంది, చేతులు చూస్తనే ఎరుకైంది" అంది అవ్వ. అక్కడి నుంచి ఇక నాకు పని లేకుండా పోయింది. అవ్వ మన భాషలో, ఆమె తన భాషలో. "నడుము నొస్తదా?" అని అవ్వ అడిగింది. ఆమె ఒక్క ముక్క అర్థం కాకుండానే తన నడుం మీద చెయ్యి వేసుకుని ముఖం చిట్లించింది. "నాకు గిక్కడ" అని అవ్వ మోకాలు చూపించడానికి ఫోన్‌ను కిందికి దించింది. ఈమె నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తన మోకాలు చూపించింది. అవ్వ లోపలికి పోయి ఆముదం సీసా తెచ్చి తెర ముందు ఊపింది. "గిది రాయమను బిడ్డా, రెండు పూటలా రాయమను." నేను ఆముదాన్ని ఎట్లా నటించాలో తెలియక తలపట్టుకున్నాను గానీ, ఆమెకు నా సాయం అక్కర్లేదు. వంటింట్లోకి పోయి తన ఆలివ్ నూనె సీసా తెచ్చి ఫోన్‌కు చూపించి, కొంచెం అరచేతిలో పోసుకుని మోకాలికి రుద్దుకుంది. అక్కడ అవ్వ ఆముదం రుద్దుకుంది. ధరూరు పక్కన ఒక మోకాలు, ఇస్తాంబుల్‌లో ఒక మోకాలు, ఒకే తాళానికి మర్దనా అవుతున్నాయి. వెనక నుంచి అమ్మ గొంతు వినిపిస్తోంది. "ఆ మేడమ్ మోకాళ్లు ఎందుకు చూపిస్తుంది? ఏమైందే ఆమెకు?"

నా ఫోన్లో చార్జింగ్ అయిపోయేదాకా వాళ్లు ఆపలేదు. తెర నల్లబడగానే ఆమె, ఇంకా ఏదో చెప్పాల్సింది మిగిలిపోయినట్టు, ఆ నల్ల తెరతోనే రెండు మాటలు మాట్లాడింది. కిటికీలో ఎండ వాలడం చూసి నాకు విమానం గుర్తొచ్చింది. కాళ్లకు దండం పెడితే కంగారుపడి నన్ను లేవనెత్తి, మెడకు కరుచుకుని "కిజిమ్" అంది. అంటే బిడ్డా అని, సందు దిగి పరుగెత్తుతూ ఆ మాట అడిగితే రొట్టెలాయన సైగలతో చెప్పాడు. తిరుగు పడవలో నిలబడటానికి కూడా చోటు లేదు. పక్కనున్న ఒకామె నన్ను చూసి, నా చేతిలో చచ్చిపోయిన ఫోన్‌ను చూసి, తన ఫోన్‌తో నా ఫొటో ఒకటి తీసి, నేను రాసిచ్చిన ఈమెయిల్‌కు పంపింది.

హోటల్ గదికి చేరేసరికి మేడమ్ చీర మార్చుకుని, పెట్టె మీద కూర్చుని ఉన్నారు. "ఏమేం చూసినవ్?" అన్నారు.

"ఒక అవ్వను చూసిన, మేడమ్."

"మసీదు?"

"దూరం నుంచి."

"భవనం?"

"యాదికి రాలే."

ఆమె లేచి పెట్టె తాళం సరిచూసుకున్నారు. కోపమొచ్చిందనుకున్నాను. విమానంలో కూర్చున్నాక "ఇగ చెప్పు, మొదట్నుంచి చెప్పు" అన్నారు. చెప్పాను. బ్యాగు పైకి పోయిన చోట ఆమె తన పాస్‌పోర్టును గట్టిగా పట్టుకున్నారు. మోకాళ్ల చోటుకు వచ్చేసరికి నవ్వి నవ్వి, ఆలివ్ కాయలు మిగిల్చిన పొట్టనొప్పి మళ్లీ మొదలైందన్నారు. అయినా ఆపనివ్వలేదు.

అవ్వ ఇంకా చాన్నాళ్లు బతికింది. బతికినన్నాళ్లూ ఊళ్లో అందరితో తనకు టర్కీలో ఒక దోస్తు ఉందని చెప్పుకునేది. నన్ను చూసినప్పుడల్లా "ఆమెకు నొప్పులు తగ్గినయా?" అని అడిగేది. నేను ఆమె నంబరు తీసుకోలేదు, పేరు కూడా అడగలేదు. ఎవరి పేరూ, ఎవరి ఆచూకీ అడగకుండా బతకొచ్చునని ఆ రోజే కొత్తగా తెలిసింది కదా, ఆ మైకంలో ఉన్నాను. "తగ్గినయంట అవ్వా" అనేదాన్ని. అవ్వ తృప్తిగా తలూపేది.

మొన్న పాత ఈమెయిళ్లు సర్దుతుంటే పడవలో ఆ పక్కనామె తీసిన నా ఫొటో బయటపడింది. వెనక సముద్రం, ముఖమంతా జుట్టు, నోరు ఇంత వెడల్పున తెరిచి నవ్వుతున్న ఒక బక్కపలుచని పిల్ల. చున్నీ గాలికి పక్కాయన ముఖం మీద పడి ఉంది. ఆ సంగతి ఆ పిల్లకు తెలియదు. ఏమీ తెలియదు ఆమెకు. మా అమ్మాయి నా భుజం మీంచి తొంగిచూసి "అమ్మా, ఈ అక్క ఎవరు?" అంది.

"తెల్సినామెనే" అన్నాను. "మస్తు రోజులైంది కలవక."